అండోరా: అంగళ్ల కోసం కాక దారి కోసం వెళ్లవలసిన దేశం

ఫ్రాన్స్, స్పెయిన్‌ల నడుమ పిరనీస్ పర్వతాల్లో ఒదిగి ఉన్న అండోరా విస్తీర్ణం 468 చదరపు కిలోమీటర్లు, జనాభా 80 వేల పైచిలుకు. దేశంలో విమానాశ్రయం లేదు, రైలు పట్టాలు లేవు. ఏ ఖండం నుంచి వచ్చినవారైనా చివరి మజిలీ రోడ్డు మీదనే చేయాలి. తన జనాభాకు ఎన్నో రెట్ల మంది ప్రయాణికులను ఏటా రప్పించుకుని, ప్రధానంగా వారి ఖర్చు మీదనే బతికే దేశం కాబట్టి, ఒక హోటలునో దుకాణాన్నో బేరీజు వేసినట్టు దీన్నీ బేరీజు వేయడంలో తప్పు లేదనుకుంటాను. బార్సిలోనాలో అద్దెకు తీసుకున్న కారులో కుటుంబంతో సహా దక్షిణం వైపు నుంచి ప్రవేశించి, ఉత్తరాన ఫ్రాన్స్‌లోని తూలూజ్ వైపు దిగిన ప్రయాణం ఈ సమీక్షకు ఆధారం.

అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అండోరా తన గురించి గట్టిగా చాటుకునేది సరుకు చవక అనే విషయం. ఆ విషయంలో దానికి నేను మామూలు మార్కులే వేస్తాను. అంతగా చాటుకోని ఘాట్ రోడ్లు, లోయల్లోని పల్లెలు, వెయ్యేళ్ల నాటి రాతి చర్చిలు మాత్రం ఐరోపాలో ఇంతకన్నా పెద్ద పేరున్న కొండ ప్రాంతాలకు ఏమాత్రం తీసిపోవు. పొద్దున వచ్చి సంచులు నింపుకుని సాయంత్రానికి వెళ్లిపోయేవారు ఈ దేశంలోని నాసి భాగాన్ని చూసి, మంచి భాగాన్ని వదిలేసి వెళ్తున్నారన్నమాట.

ప్రయాణానికి ముందు చూసుకోవలసిన కాగితాల సంగతి మనవాళ్లకు ముఖ్యం. అండోరా ఐరోపా సమాఖ్యలో సభ్య దేశం కాదు, ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమైన షెంగెన్ ప్రాంతంలోనూ లేదు. లోపలికి వెళ్లడానికి అండోరా విడిగా వీసా అడగదు కానీ, అందులో అడుగుపెట్టడమంటే షెంగెన్ నుంచి బయటికి వెళ్లడమే. ఒక్కసారి ప్రవేశానికి మాత్రమే ఇచ్చిన షెంగెన్ వీసాతో వెళ్తే చట్టప్రకారం తిరిగి స్పెయిన్‌లోకి గాని ఫ్రాన్స్‌లోకి గాని రావడానికి వీలుండదు. సరిహద్దులో చాలాసార్లు చెయ్యి ఊపి పంపించేస్తారన్న ధీమాతో వెళ్లేవారున్నారు; అది ధీమాగానే మిగలాలంటే అదృష్టం కలిసిరావాలి. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వీసాకు దరఖాస్తు చేసేటప్పుడే అనేకసార్లు ప్రవేశించే వీసాను కోరడం మేలు. ఫ్రాన్స్‌లోనో స్పెయిన్‌లోనో నివాస అనుమతి ఉన్న తెలుగువారికి ఈ చిక్కు లేదు.

ఫోను సంగతి ఇంకొకటి. సమాఖ్య దేశాలన్నిటా అదనపు రుసుము లేకుండా పనిచేసే స్పానిష్, ఫ్రెంచి సిమ్ కార్డులకు ఆ సదుపాయం అండోరాలో వర్తించదు. సరిహద్దు దాటగానే ఫోను స్థానిక నెట్‌వర్కుకు మారిపోతుంది, ఆపై డేటా ఖర్చు చూస్తుండగానే పెరిగిపోతుంది. దారి పటాన్ని ముందుగానే ఫోనులోకి దించుకుని, రోమింగ్ ఆపేసి, హోటల్ వైఫైతో సరిపెట్టుకోవడం ఉత్తమం. అద్దె కారు విషయంలోనూ ఒప్పంద పత్రంలో అండోరా పేరు ఉందో లేదో, బీమా అక్కడ చెల్లుతుందో లేదో చూసుకోవాలి. కౌంటరు దగ్గర మనల్ని అడగరు, వాళ్లంతట వాళ్లు చెప్పరు. డబ్బు మాత్రం యూరోలే. సమాఖ్యలో లేకపోయినా 2011లో కుదిరిన ఒప్పందంతో యూరో అక్కడ అధికారిక కరెన్సీ అయింది.

బార్సిలోనా నుంచి దూరం 200 కిలోమీటర్లు, సమయం మూడు గంటలు. మన్రేసా, బెర్గా మీదుగా వెళ్లే దారిలో ఐదు కిలోమీటర్ల కదీ సొరంగం వస్తుంది. దానికి టోల్ కట్టాలి. సొరంగం దాటి సెగ్రే నది లోయలోకి దిగి, లా సెవ్ దుర్జెల్ పట్టణం చేరితే అక్కడి నుంచి సరిహద్దు కూతవేటు దూరం. ఈ చిన్న పట్టణంలో ఆగి అక్కడి పన్నెండో శతాబ్దపు కెథడ్రల్ చూసి ముందుకు వెళ్లమని నా సలహా, ఎందుకంటే అండోరా దేశాధిపతుల్లో ఒకరు ఆ కెథడ్రల్ బిషప్పే. 1278లో ఉర్జెల్ బిషప్పుకూ ఫ్రాన్స్ వైపున్న ఫ్వా ప్రభువుకూ కుదిరిన ఒప్పందం ప్రకారం లోయల మీద ఇద్దరికీ సమాన అధికారం వచ్చింది. ఫ్వా ప్రభువు హక్కు కాలక్రమంలో ఫ్రాన్స్ రాజులకు, వారి తరువాత ఫ్రాన్స్ అధ్యక్షుడికి సంక్రమించింది. 1993లో రాజ్యాంగం రాసుకుని ఐక్యరాజ్య సమితిలో చేరిన తరువాత కూడా ఆ ఇద్దరూ సహ పాలకులుగానే కొనసాగుతున్నారు. వీధుల్లో స్పెయిన్ తపాలా పెట్టె ఒకటి, ఫ్రాన్స్ తపాలా పెట్టె ఒకటి విడివిడిగా కనిపించడానికి, పిల్లలకు అండోరా బడి, ఫ్రెంచి బడి, స్పానిష్ బడి అని మూడు రకాల చదువులు ఉండడానికి మూలం ఈ పాత ఏర్పాటులోనే ఉంది. అధికార భాష కటలాన్.

సరిహద్దు దాటిన వెంటనే సాంత్ జులియా దగ్గర పెట్రోలు బంకులు, సూపర్ మార్కెట్లు వరుస కడతాయి. ఇంధనం రెండు పొరుగు దేశాల కన్నా నిజంగానే చవక. కాకినాడ చుట్టుపక్కలవారు పెట్రోలుకూ మద్యానికీ యానాం వైపు బండి తిప్పినట్టే, ఇటు స్పెయిన్‌లోని కటలూన్యా ప్రాంతం నుంచి, అటు ఫ్రాన్స్‌లోని అరియేజ్ ప్రాంతం నుంచి జనం ట్యాంకు నింపుకోవడానికి వస్తారు. మనం ఎలాగూ ఆ దారినే వెళ్తున్నాం కాబట్టి ఇక్కడ ట్యాంకు నింపుకోవడం తెలివైన పని. నిస్సందేహంగా లాభం అనిపించిన కొనుగోలు ఇదొక్కటే.

మిగిలిన కొనుగోళ్ల లెక్క కాస్త నిదానంగా వేసుకోవాలి. రాజధాని అండోరా లా వెల్లా నుంచి దాన్ని ఆనుకుని ఉన్న ఎస్కాల్డెస్ పట్టణం వరకు సాగే మెరిచెల్ అవెన్యూ పొడవునా అత్తర్లు, కళ్లద్దాలు, కెమెరాలు, మంచు ఆటల సామాను, మద్యం, పొగాకు అమ్మే దుకాణాలే. సరుకుల అమ్మకం మీద స్పెయిన్‌లో సాధారణ పన్ను 21 శాతం, ఫ్రాన్స్‌లో 20 శాతం, అండోరాలో 4.5 శాతం. పన్ను కలపకముందు 100 యూరోలున్న వస్తువు స్పెయిన్‌లో 121కి, అండోరాలో 104.50కి రావాలి, అంటే తగ్గింపు సుమారు 13.6 శాతం. ఇది పుస్తకంలో లెక్క. దుకాణదారు తన మూల ధరను కాస్త పెంచుకుంటే ఆ తేడాలో కొంత అతని జేబులోకే పోతుంది, చాలాచోట్ల పోతోంది కూడా. నేను చూసిన ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో ఫోను ధరకు, అదే ఫోనుకు బార్సిలోనాలో పండుగ తగ్గింపులో పెట్టిన ధరకు చెప్పుకోదగ్గ తేడా లేదు.

మన దేశం నుంచి పర్యటనకు వెళ్లినవారికి ఇంకో కోణం ఉంది. సమాఖ్య వెలుపల నివసించేవారు స్పెయిన్‌లో కొన్న సరుకును ఇంటికి తీసుకెళ్తున్నట్టు విమానాశ్రయంలో చూపించి కట్టిన పన్నును వెనక్కి తీసుకోవచ్చు. స్పెయిన్‌లో దీనికి కనీస మొత్తం నిబంధనను 2018లోనే ఎత్తేశారు. మధ్యవర్తి సంస్థల రుసుము పోయినా చెప్పుకోదగ్గ మొత్తమే చేతికి వస్తుంది. అందువల్ల అండోరా చవకదనం నిజంగా ఉపయోగపడేది తూలూజ్‌లోనో బార్సిలోనాలోనో స్థిరపడి, ఆ వాపసుకు అర్హత లేని మనవారికే. వారైనా వస్తువు పాడైతే మార్చుకోవడానికి మళ్లీ కొండ ఎక్కాలన్న సంగతి మరవకూడదు. తిరిగి వెళ్లేటప్పుడు సమాఖ్యలోకి తెచ్చుకోదగిన సరుకుకు హద్దులున్నాయి: పెద్దవారికి తలా 300 సిగరెట్లు, ఘాటు మద్యం లీటరున్నర, మామూలు వస్తువులు 900 యూరోల వరకు. ఆదివారం సాయంత్రం సుంకం తనిఖీ దగ్గర కార్ల బారు కొండ మలుపుల వెంట సాగుతుంది, కొందరి చేత డిక్కీ తెరిపిస్తారు. బిల్లులు చేతికి అందేలా పెట్టుకోవాలి.

రాజధానిలో నన్ను నిజంగా ఆపింది అంగళ్ల వీధికి కొద్ది అడుగుల దూరంలో ఉన్న కాసా దె లా వల్. 1580లో ఒక సంపన్న కుటుంబం కట్టుకున్న ఈ రాతి ఇంటిని 1702లో అండోరా ప్రజా మండలి కొన్నది. 2011లో పక్కనే కొత్త భవనం వచ్చేవరకు దేశ పార్లమెంటు ఈ ఇంట్లోనే కొలువుదీరింది. ముఖ్యమైన దస్తావేజులు దాచిన బీరువాకు ఏడు తాళాలు, ఒక్కో పారిష్‌కు (దేశంలోని పాలనా విభాగానికి) ఒక్కో తాళంచెవి. ఏడుగురూ వస్తేనే బీరువా తెరుచుకుంటుంది. 1978లో ఎస్కాల్డెస్ ఏడో పారిష్‌గా ఏర్పడడానికి ముందు తాళాలు ఆరే. గైడు వెంట చూడవలసిన ఇల్లు కాబట్టి ఏ భాషలో ఏ వేళకు చూపిస్తారో ముందుగా కనుక్కోవాలి. రాజధానికి ఇంతకుమించి సమయం కేటాయించనక్కర్లేదు. పార్కింగుకు గంటల లెక్కన డబ్బు కట్టాలి, రోడ్లు ఇరుకు, సాయంత్రం వేళ లోయ అంతా వాహనాల పొగే. బసకు ఒర్డినో గాని కనిల్లో గాని ఎంచుకుంటే నిద్రా బాగుంటుంది, కారుకు చోటూ దొరుకుతుంది.

ఎస్కాల్డెస్‌లో భూమిలోంచి ఉబికే గంధకపు నీరు ఊట దగ్గర 70 డిగ్రీల దాకా వేడిగా ఉంటుంది. ఆ నీటితో నడిచే కాల్దెయా అనే స్నానశాల 1994 నుంచి ఉంది; 80 మీటర్ల ఎత్తున్న దాని గాజు శిఖరం రాజధానిలో ఎటు నుంచి చూసినా కనిపిస్తుంది. ఈత దుస్తులు తప్పనిసరి, చీరలతోనో పంచెలతోనో దిగుదామనుకునే పెద్దవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. చీకటి పడ్డాక ఆరుబయటి కొలనులో మెడ దాకా గోరువెచ్చని నీళ్లలో ఉండి చుట్టూ కొండలను చూడడం బాగుంది. టికెట్ ధర తక్కువేమీ కాదు. రోజంతా ఘాట్ రోడ్డు మీద కారు నడిపినవారికి ఆ ఖర్చు దండగ అనిపించదు. అలసట లేకుండా పొద్దున్నే వెళ్లేవారికి మాత్రం ఇది పెద్ద ఈతకొలను అంతే అనిపించవచ్చు.

ఇక అసలు సరుకు కనిల్లో పారిష్‌లో ఉంది. 2022లో తెరిచిన టిబెటన్ వంతెన అనే వేలాడే నడక వంతెన పొడవు 603 మీటర్లు, వెడల్పు ఒక మీటరు, లోయ అడుగు నుంచి అత్యధిక ఎత్తు 158 మీటర్లు. అక్కడికి సొంత కారును పోనివ్వరు. కనిల్లో ఊళ్లో టికెట్ తీసుకుని వారి బస్సులోనే వెళ్లాలి. ఎదురుగా వచ్చేవారికి దారి ఇవ్వడానికి పక్కకు ఒత్తిగిల్లాలి, నడిచేవారి అడుగులకు వంతెన సన్నగా ఊగుతుంది. ఎత్తంటే భయపడేవారు నడుమకు వచ్చాక వెనక్కి తిరిగినా అంతే దూరం నడవాలి కనుక మొదట్లోనే తేల్చుకోవడం మంచిది. గాలీ వానా ఎక్కువైతే మూసేస్తారు. కట్టడంగా మెచ్చుకోదగ్గదే, కానీ అక్కడ దృష్టంతా పాదాల మీదా తాడు మీదా ఉంటుంది తప్ప లోయ మీద నిలవదు.

లోయను చూడాలంటే కనిల్లో నుంచి ఒర్డినోకు వెళ్లే ఘాట్ రోడ్డు మీద ఉన్న రోక్ దెల్ కేర్ అనే చోట ఆగాలి. 1,900 మీటర్ల పైచిలుకు ఎత్తున, కొండ అంచు నుంచి 20 మీటర్ల నడకదారి ఒకటి బయటికి చాచి ఉంటుంది. అందులో 12 మీటర్లు పూర్తిగా గాలిలోనే. నేలలో కొంత భాగం గాజు. కొసన దూలం మీద కూర్చుని లోయను చూస్తున్న మనిషి విగ్రహాన్ని మిగేల్ ఆంఖెల్ గొన్సాలెస్ అనే శిల్పి చేశాడు. కింద వలీరా నది తూర్పు పాయ, దాని పక్కన దారంలా రోడ్డు, ఎదురుగా వాలు మీద మెట్లు మెట్లుగా పచ్చిక బీళ్లు: దేశం ఇంత చిన్నదైనా ఇన్ని శతాబ్దాలు ఎవరి చేతికీ శాశ్వతంగా చిక్కకుండా ఎందుకు నిలిచిందో ఇక్కడ నిలబడితే అర్థమవుతుంది. సైన్యాన్ని నడిపించడానికి తగిన దారి గాని, గెలుచుకుంటే పంచుకోవడానికి తగినంత సాగు నేల గాని ఇక్కడ లేవు. అక్కడి నుంచి 1,980 మీటర్ల ఎత్తున్న కోల్ ద ఒర్డినో కనుమ దాటి ఒర్డినోలోకి దిగే దారి ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. వాహనాలు తక్కువ, రోడ్డు నున్నగా ఉంది, ఆగి చూడడానికి ప్రతి నాలుగైదు మలుపులకూ చోటుంది. చలికాలంలో ఇదే దారిని మంచు మూసేస్తుంది కనుక జూన్ నుంచి అక్టోబరు వరకు వెళ్లేవారికే ఈ మాట.

చర్చిల గురించి పర్యాటక పత్రాల్లో ఒక మూల రాస్తారు గాని, వాటికి ముందు పేజీ ఇవ్వాలి. కనిల్లో దాటగానే రోడ్డు పక్కనే సాంత్ జొఆన్ దె కసేయెస్ ఉంది. పదకొండు, పన్నెండు శతాబ్దాల నాటి, రోమనెస్క్ అనే మధ్యయుగపు ఐరోపా శైలి కట్టడం, లోపల గోడ మీద సున్నపు గారతో చేసిన క్రీస్తు మూర్తి, చుట్టూ వర్ణచిత్రం. రాజధాని శివార్లలోని సాంతా కలోమా చర్చి కథ ఇంకా ఆసక్తికరం. గుండ్రటి గంట స్తంభం ఉన్న ఈ చర్చి గోడల మీది పన్నెండో శతాబ్దపు చిత్రాలను ఇరవయ్యో శతాబ్దంలో గోడల నుంచి ఒలిచి అమ్మేశారు. అవి చేతులు మారి బెర్లిన్ చేరాయి, 2007లో అండోరా ప్రభుత్వం వాటిని తిరిగి సంపాదించింది. ఇప్పుడు అసలు చిత్రాలు చర్చికి దగ్గరలోని ఎస్పాయ్ కలుంబా అనే ప్రదర్శనశాలలో ఉన్నాయి. చర్చిలో మాత్రం ఖాళీ గోడల మీద వెలుగు ప్రసారంతో ఆ చిత్రాలను ఒకప్పుడు ఉన్న చోటే మళ్లీ చూపిస్తారు. గోడ నుంచి పోయినదాన్ని రంగులతో తిరిగి పూయకుండా, పోయిందని ఒప్పుకుంటూనే చూపించే ఈ పద్ధతి నాకు చాలా గౌరవప్రదంగా తోచింది. దేశానికి రక్షకురాలిగా కొలిచే మేరీ మాత మెరిచెల్ ఆలయం 1972 సెప్టెంబరులో పండుగ నాటి రాత్రి కాలిపోగా, పక్కనే కొత్త కట్టడాన్ని వాస్తుశిల్పి రికార్డో బోఫిల్ రూపొందించాడు. కొత్తదాని కన్నా పాతదాని మొండి గోడలే నన్ను ఎక్కువసేపు నిలబెట్టాయి.

నడవగలిగినవారికి మద్రియూ లోయ ఉంది. దేశ విస్తీర్ణంలో సుమారు పదో వంతు ఆక్రమించిన ఈ లోయను 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులోకి కారు రోడ్డు లేదు. రాళ్లు పరిచిన పాత బాట వెంట ఎంత దూరం వెళ్తే అంతే.

భోజనం విషయంలో అండోరాను మెచ్చుకుంటూనే మన శాకాహారులను హెచ్చరించాలి. పూర్వం పశువులనూ గడ్డినీ ఉంచిన రాతి కొట్టాలను భోజనశాలలుగా మార్చి 'బోర్డా' అని పిలుస్తారు. మందపాటి గోడలు, నల్లబడిన దూలాలు, నిప్పుల మీద కాలుతున్న మాంసం, తినేవారికి లోటుండదు. చలికాలపు వంటకం ఎస్కుదేయా అనే మాంసం, పప్పుగింజలు, కూరగాయల పులుసు ఒక్క గిన్నెతో కడుపు నిండిపోతుంది. ట్రిన్షాత్ అంటే క్యాబేజీనీ బంగాళాదుంపనీ ఉడికించి, మెదిపి, పెనం మీద ఎర్రగా కాల్చేది. వినడానికి శాకాహారమే, కానీ అందులో పంది మాంసం ముక్కలు వేయడం ఆనవాయితీ. కాల్చిన వంకాయ, మిరప ముక్కలను నూనెలో నానబెట్టిన ఎస్కాలివాదా మీద కూడా కొన్నిచోట్ల చేప ముక్క పెడతారు. కావలసినదాన్ని చెప్పి ఊరుకోకుండా మాంసం, చేప రెండూ వద్దని విడివిడిగా చెప్పాలి. టమాటా రుద్ది నూనె పోసిన రొట్టె, తేనెతో ఇచ్చే మాతో అనే తాజా జున్ను ఎక్కడైనా నిశ్చింతగా తినవచ్చు. మేము తిన్న బోర్డాలో వడ్డించినావిడ వంటింట్లోకి వెళ్లి అడిగి వచ్చి, మాంసం లేకుండా ట్రిన్షాత్ అప్పటికప్పుడు కాల్పించి తెచ్చింది. రాజధాని వీధుల్లోని పర్యాటక భోజనశాలల్లో ఈ ఓపిక ఆశించలేం.

ఫ్రాన్స్ వైపు బయటికి వెళ్లడానికి రెండు మార్గాలున్నాయి. 2002లో తెరిచిన ఎన్వలీరా సొరంగంలో టోల్ కట్టి వెళ్లడం ఒకటి, 2,408 మీటర్ల ఎత్తున్న ఎన్వలీరా కనుమ మీదుగా వెళ్లడం రెండోది. పిరనీస్‌లో తారు రోడ్డున్న కనుమలన్నిటిలో ఎత్తైనది ఇదే. ఆకాశం తేటగా ఉన్న రోజున సొరంగానికి డబ్బు కట్టి ఆ దృశ్యాన్ని పోగొట్టుకోవడంలో అర్థం లేదు. మంచు కురిసే నెలల్లో మాత్రం చలికాలపు టైర్లు గాని గొలుసులు గాని లేకుండా అటు వెళ్లకూడదు. అద్దె కారులో అవి ఉన్నాయో లేదో బార్సిలోనాలోనే చూసుకోవాలి. కనుమకు ఆవల ఉన్న పాస్ దె లా కాసా మంచు మీద జారేవారికీ మద్యం కొనేవారికీ తప్ప ఇతరులకు అక్కర్లేని ఊరు. ట్యాంకు మరోసారి నింపుకుని, సుంకం తనిఖీ దాటి దిగితే గంటలోపే ఆక్స్ లే తెర్మ్ వస్తుంది. అక్కడ ఊరి నడిబొడ్డున పదమూడో శతాబ్దం నుంచి ఉన్న వేడినీటి తొట్టిలో అందరూ వరుసగా కూర్చుని కాళ్లు నానబెట్టుకుంటారు. దానికి టికెట్ లేదు, ఈత దుస్తులతో పని లేదు. ఎస్కాల్డెస్‌లో ఖర్చు వద్దనుకున్న పెద్దవాళ్లను ఇక్కడ దింపవచ్చు.